సాయిలు చేతులకు సరిపోయే వేగం

బహ్రెయిన్,
శుక్రవారం

పెద్దక్క గంగవ్వ పాదాలకు మొక్కి తమ్ముడు రాజయ్య వ్రాస్తున్నది.

ముందుగా ఒక క్షమాపణ. నా తెలుగు బీదపడ్డది. ఇక్కడ స్టోరు రిజిస్టర్లు ఇంగ్లీషులో వ్రాస్తాను, కూలీలతో హిందీలో మాట్లాడుతాను, యజమాని ఎదుట నాలుగు అరబ్బీ ముక్కలతో సరిపెట్టుకుంటాను. పగలంతా చక్కెర మిల్లు కాంటా దగ్గర చెరకు బండ్లు తూచి, సాయంత్రం కాలేజీలో కూర్చుని డిగ్రీ పూర్తి చేసినవాణ్ణి. అటువంటి నాకు ఇప్పుడు ఒత్తు ఎక్కడ పెట్టాలో రెండుసార్లు ఆలోచించవలసి వస్తున్నది. నీకు చదివి వినిపించేటప్పుడు మేనకోడలు స్రవంతి తప్పులు దిద్దుకోవచ్చును, కాని నీ ముందు నవ్వకూడదు.

నేను క్షేమం. నీ మోకాళ్లకు నూనె రాస్తున్నారా? బావ దగ్గు తగ్గినదా? నా గురించి బెంగ వద్దు. ఎండలు మాత్రం చెప్పనలవి కావు. పొద్దున ఎనిమిదింటికే ఇనుప తలుపు పట్టుకుంటే చేయి కాలుతుంది. స్టోరు లోపల చల్లగాలి యంత్రం ఉన్నది కనుక నాకు బాధ లేదు. మెస్సులో రోజూ అదే మైదా రొట్టె, అదే పప్పు. మన జొన్నరొట్టె, పచ్చిపులుసు కలలోకి వస్తున్నవంటే నీవు నవ్వుతావు. ఆరోగ్యం బాగానే ఉన్నది. మళ్లీ చెప్తున్నాను, బెంగ వద్దు.

ఇక అసలు సంగతి. నీకు తెలిసినదే అయినా స్రవంతికి పూర్తిగా తెలియదు గనుక మొదటినుంచి వ్రాస్తున్నాను.

మన తమ్ముడు సాయిలుకు పుట్టుకతో చెవులు వినబడవు, నోట మాట రాదు. చదువూ అబ్బలేదు. మన ఇంట్లో అందరం వానితో చేతులతోనే మాట్లాడినాము. వాని భాషలో నీవు బొటనవేలి మీద చుట్టే బీడీవి, నేను జేబు మీద తట్టే పెన్నును. ఆ భాషకు బాపు పెట్టిన కట్టుబాటు ఒకటి ఉన్నది. ఎవరైనా సాయిలు ఎదుట చేతులు కట్టుకుంటే వానితో మాట బందు అయినట్టు. రెండు అరచేతులు తెరిచి చూపితే మాట మళ్లీ మొదలైనట్టు, అడిగినదానికి ఒప్పుకున్నట్టు. ఒకసారి వాడు ఎడ్లను ఎడపల్లివాళ్ల చెరకు చేనులోకి వదిలినందుకు బాపు రెండు రోజులు చేతులు కట్టుకొని తిరిగినాడు. ఆ రెండు రోజులు సాయిలు అన్నం ముట్టలేదు. ఆ తరువాత మనం ఎవరమూ వాని ఎదుట చేతులు కట్టలేదు.

నేను ఇక్కడికి వచ్చి ఆరేండ్లు. మీ అందరి గొంతులు ఫోనులో విన్నాను, వానితో మాత్రం ఒక్క మాట లేదు. అందుకే నీ ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించమన్నాను. టెలిఫోను ఆఫీసు కాగితంలో మూడు వేగాలు ఉన్నవని స్రవంతి ఫోనులో చదివినది. నేను నోటుబుక్కులో లెక్క వేసినాను. ఉత్తరం పోవడానికి ఎంత కావాలి, ఫోటో రావడానికి ఎంత, గొంతు వినబడడానికి ఎంత, అన్నీ గీతలు కొట్టి వ్రాసినాను. అన్నిటికన్నా చిన్నది, రెండు వందల యాభై ఆరు కిలోబిట్లది, చాలునని తేల్చినాను.

నా గదిలో ఉండే బాల్కొండ లింబాద్రి ఆ నోటుబుక్కు చూసి అన్నాడు: "రాజన్నా, నువ్వు గోదాం సామాను లెక్కనే సూస్తున్నవ్. మనిషి బొమ్మ కదులాలె గదనే. పెద్దది పెట్టియ్యరాదు?"

అవసరం తెలియనివాడే పెద్దది కోరుతాడని నేను వానికి జవాబు చెప్పినాను. వాడు ఏడో తరగతి, నేను డిగ్రీ. అంతకన్నా ఆలోచించలేదు.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం మా స్టోరు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్నాను. తెర మీదికి సాయిలు వచ్చినాడు. కొత్త అంగి తొడుక్కున్నాడు. తల నెరిసినది. నన్ను చూసి జేబు మీద తట్టినాడు. తరువాత రెండు చూపుడువేళ్లు దూరం నుంచి తెచ్చి కలిపి, కలిసిన రెంటినీ ముందుకు సాగదీసినాడు. గోదావరి, మంజీర కలిసేది కందకుర్తిలో కదా. కందకుర్తి రుక్మబాయికి వాడు పెట్టిన పేరు అది అని నాకు వెంటనే తెలిసినది. భర్త పోయిన మనిషి, బీడీలు చేసి బతుకుతున్నది, సాయిలును చేసుకోవడానికి ఇష్టపడ్డదని నీవు ముందే చెప్పినావు. నలభై ఏండ్ల నా తమ్ముడు నన్ను అడుగుతున్నాడు: చేసుకోనా?

అక్కా, నాకు దుఃఖం పొంగినది. ఆఫీసులో ఇద్దరు మలయాళీలు ఉన్నారు. వాళ్ల ముందు కన్నీరు పెట్టరాదని గుండెకు అదిమి చేతులు కట్టుకున్నాను. ఒక నిమిషం కూడా కాలేదు. తేరుకొని రెండు అరచేతులు తెరిచి చూపినాను. ఒకసారి కాదు, పదిసార్లు చూపినాను. కాని మీ తెర మీద నా బొమ్మ చేతులు కట్టుకున్న చోటనే ఆగిపోయినది. వాడు మళ్లీ అడిగినాడు, మళ్లీ అడిగినాడు. నేను లేచి నిలబడి చేతులు ఊపుతున్నాను. వాడు లేచి పోయినాడు.

వెంటనే ఫోను చేసి, బొమ్మ ఆగినదని, నేను ఒప్పుకున్నానని నీకు చెప్పినాను. సాయంత్రం నీవు ఫోనులో అన్న మాటలు ఇంకా చెవిలో ఉన్నవి. "తమ్మీ, నువ్వు చేతులు కట్టుకున్నవట గదా. వాడు కొత్త అంగి ఇడిసి దండెం మీద ఏసిండు. కందకుర్తోళ్లకు పెండ్లి అద్దని చెప్పుమంటున్నడు. బొమ్మ ఆగింది బిడ్డా, అన్న ఒప్పుకున్నడు అని నేను చేతులతోని ఎంత చెప్పినా ఇంటలేడు. నా కండ్లతోని నేను సూసిన అంటున్నడు."

వింటాడని నేను కూడా అనుకోలేదు. మనలను కన్న అవ్వ పోయిననాడు, ఊరికి పోయింది వస్తది అని మనమే చేతులతో చెప్పినాము. వాడు రోజుల తరబడి రోడ్డు మీద కూర్చుని ఎదురు చూసినాడు. ఆనాటినుంచి ఒకరి మాట మరొకరి చేతులతో వస్తే వాడు నమ్మడు.

స్రవంతిని కోప్పడవద్దు. ఆ సమయంలో ఆమె అదే లైను మీద పాటలు దించుకుంటున్నదట, అందుకే బొమ్మ ఆగినదట. ఇంట్లో పదిమంది నడిచే దారిని ఒక్కరికి సరిపోయేటట్టు వేయించినది నేను. ఏమి పంపుతామన్నది లెక్క వేసినాను కాని, ఎవరితో మాట్లాడుతామన్నది లెక్కలో వేయలేదు. గొంతులో ఒక ముక్క తెగితే మిగిలినదానితో అర్థం చేసుకుంటాము. చేతి మాట తెగితే చేయి ఆగుతుంది. ఆగిన చేయి మన ఇంట్లో ఒక మాట.

కనుక వేగం మార్పించండి. ఎంతది అన్నది ఈసారి నేను చెప్పను. నడిమిది పెట్టించుకున్నవాళ్లు మీ గల్లీలో ఎవరైనా ఉంటే, వాని అలక తీరినాక, అందరూ ఇంటర్నెట్ వాడే సాయంత్రం పూట సాయిలును అక్కడ కూర్చోబెట్టండి. నేను ఇటునుంచి చేతులు కదుపుతాను. మా మాట అక్కడికి వచ్చినట్టే మీ మాట ఇక్కడికి రావాలి కూడా, రెండు దిక్కులా చూడండి. చేయి ఆగకుండా కనబడుతున్నదని సాయిలు చెప్తే అది చాలు. చాలదంటే పెద్దది. తీర్పు వానిది.

కందకుర్తివాళ్లు ఆదివారం దాకా ఆగుతామన్నారని చెప్పినావు. కంప్యూటరు ముందుకు వాడు మళ్లీ రాడన్నావు. లింబాద్రి రేపు సెలవు మీద బయలుదేరుతున్నాడు. బాల్కొండకు పోకముందే బోధన్ వచ్చి ఈ కవరు నీ చేతికి ఇస్తానన్నాడు. నేను నోరు తెరిచి అడగలేదు, వాడే అన్నాడు. విమానం, బస్సు అన్నీ సమయానికి నడిస్తే శనివారం రాత్రికి అందాలి. అందకపోతే ఏమని వ్రాయాలో నాకు తెలియడం లేదు.

లింబాద్రికి తిరుగు ప్రయాణంలో కొంచెం బెల్లం, ఇంటి పసుపు ఇచ్చి పంపు. వీలు కాకుంటే వద్దు. వానికి కడుపునిండా అన్నం పెట్టు. బావకు నా నమస్కారాలు, స్రవంతికి దీవెనలు. నా తలమీద నీ చేయి ఎప్పుడూ ఉండాలి.

ఈ ఉత్తరం మొదట స్రవంతి చదివి నీకు వినిపించాలి. తరువాత బావకు ఇవ్వండి. చివరి కాగితం మాత్రం మీరెవరూ చదవవలసినది కాదు, దాని మీద అక్షరాలు లేవు. నా రెండు అరచేతులు తెరిచి పెట్టి చుట్టూ గీత గీసినాను. ఎవరినీ అడగలేక ఎడమ చేతితోనే కుడి చేతిని గీసుకున్నందున ఆ గీత వంకర పోయినది. మరొకరి చేయి పడలేదని, అవి నా చేతులేనని సాయిలు ఆ వంకరను బట్టే గుర్తుపడుతాడు. దానిని వాని ముందు పెట్టి, మీ చేతులతో ఏమీ చెప్పకుండా పక్కకు జరగండి.

నీ తమ్ముడు,
రాజయ్య