పరుపు మీద కామ్రేడ్ మా

కామ్రేడ్ కర్నల్ గారికి,

ఇక్కడి జనంలో అసంతృప్తి రగిలించమని నన్ను సరిహద్దు దాటించి సియోల్‌కి పంపారు. పరుపుల దుకాణంలో పనిచేస్తూ శాయశక్తులా ప్రయత్నించాను. తోటి ఉద్యోగిని బోక్‌సున్‌తో, "ఈ వస్తువులే మన సంకెళ్ళు అక్కా" అన్నాను.

"నిజమే తమ్ముడూ. తగ్గింపు ధరలు ఇవాళే ఆఖరు, కాస్త నా బదులు వరసలో నిలబడు" అంది. నిలబడ్డాను.

నన్ను వెనక్కి లాక్కురమ్మని మీరు పంపిన 'మా' అనే కామ్రేడ్ ఈ మధ్యాహ్నం దుకాణానికి వచ్చాడు.

"ద్రోహీ, నడు!" అన్నాడు. మనిషి బాగా నలిగిపోయి ఉన్నాడు. జనం పలచబడేదాకా కూర్చోమన్నాను. కూర్చున్న పరుపు మీదే ఒరిగి నిద్రపోయాడు.

మనవాళ్ళెవరూ ఇంత నిశ్చింతగా నిద్రపోగా నేను చూడలేదు. అతను లేస్తే ఇద్దరం బయల్దేరాలి. లేపడానికి నాకు చేతులు రావడం లేదు.

మీ సైనికుడు