రాతి వంతెన దాటకు

క్యారీ, అమెరికా

ప్రియమైన అబిగేల్,

రేగెన్స్‌బర్గ్‌లో కెతీడ్రల్ నదికి ఉత్తరాన ఉందని రాశావు. దక్షిణాన. మ్యాప్ నా ముందుంది. గుంటూరులో జాగ్రఫీ చెప్పినదాని మనవరాలివి, నా పరువు చూడు. మీ తాతయ్య ఓటు మాత్రం నీకే: “పిల్ల అక్కడుంది. నువ్వు డైనింగ్ టేబుల్ దగ్గరున్నావు.”

ఆయనకి చూపు పోయాక, కాగితం చప్పుడు వినిపిస్తేనే నీ ఉత్తరమని నమ్ముతున్నారు. మేం మానుకున్న ప్రయాణం నీ కాళ్లతో చేస్తున్నారు. నేను చదివే ఒక్కో సందుకు నాలుగు చెంచాల జావ దిగుతోంది. ఆర్ అండ్ బీలో కల్వర్టులు కట్టిన మనిషి కదా, నీ ఉత్తరంలో డాన్యూబ్ మీది ఆ రాతి వంతెన దాటాక డయాలిసిస్ ఆపేస్తారట. డాక్టర్‌కీ చెప్పేశారు.

కాబట్టి వంతెన దాటకు. ఊరంతా తిప్పు.

మీ అమ్మమ్మ,
దేవకుమారి

*

రేగెన్స్‌బర్గ్, జర్మనీ

ప్రియమైన అమ్మమ్మా,

డైరెక్షన్ తప్పు రాశాను, సారీ. కానీ పాత ఊరు చాలా చిన్నది. రోమన్ గేటు రెండుసార్లు చూపించాను, ఉప్పు గోదాం మూడుసార్లు. పోయినసారి రాసిన నీలం తలుపుల చర్చి అసలు లేదు. నేనే కట్టాను.

వంతెన మీద ఒక రాతి మనిషి కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊరి వైపు చూస్తుంటాడు. రోజూ అతన్ని దూరం నుంచే చూసి వచ్చేస్తున్నాను. ఇంకెన్ని వీధులు కట్టను, అమ్మమ్మా?

నీ
అబిగేల్

*

క్యారీ

ప్రియమైన అబిగేల్,

ఆ చర్చి మ్యాప్‌లో లేదని నాకప్పుడే తెలుసు. మీ తాతయ్యకీ తెలుసు. ఒకరోజు డయాలిసిస్ నుంచి వచ్చి, వాచిన చెయ్యి నా ఒళ్లో పెట్టి, “పిల్లచేత ఇంక కట్టించకు. దాటించు” అన్నారు.

అప్పటికి నీ ఉత్తరం ఇంకా రాలేదు. మందుల బిల్లు తీసి, చప్పుడు చేసి, నువ్వు వంతెన దాటుతున్నట్టు చదివాను.

“గాలి ఉందా?”

“ఉంది.”

“రాళ్లు?”

“మీ కల్వర్టులకన్నా నయం.”

నవ్వారు. మర్నాటి నుంచి డయాలిసిస్‌కు కారెక్కలేదు.

తర్వాతి సంగతి మీ అమ్మ నీకు ఫోన్‌లో చెప్పింది. సమాధి దగ్గర పాస్టరుగారు ప్రభువు పిలిచాడన్నారు. సాగనంపింది నేను. ఇప్పుడు ఉత్తరం ఎటో దక్షిణం ఎటో నాతో వాదించే మనిషి లేరు. జావ గిన్నె ఇంకా పొయ్యి మీదే ఉంది.

ఆరోజు ఆయనకి, వంతెన దిగగానే బేకరీ ఉందని చెప్పాను. ఇది అందాక స్కార్ఫ్ కట్టుకుని అవతలికి వెళ్లి చూసి రా. అక్కడ ఏ కొట్టున్నా సరే, బేకరీ అనే రాయి. కాగితం మీద.

అమ్మమ్మ