కారు తాళం ముట్టుకోకు

తమ్ముడూ, డ్యూటీ నుంచి రాగానే కారు స్టార్ట్ చెయ్యకు. ఇంజన్‌లోకి నీళ్ళు పోయాయి, ఇప్పుడు తాళం తిప్పితే మొత్తానికే పోతుందట. పొద్దున మెకానిక్ వచ్చి లాక్కెళ్తాడు. నువ్వు పీకి అటక మీద పడేసిన పాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా దించి అతని చేతికివ్వు.

రాత్రి నాన్నని ఆస్పత్రి నుంచి తీసుకొస్తుంటే వాన పట్టుకుంది. రోడ్డు మీద పిక్కలదాకా కూడా లేవు నీళ్ళు. ఇంజన్‌కి చల్లగాలి బాగా అందుతుందని నువ్వు బంపర్ వెనక కిందికి దించి బిగించావే, ఆ గొట్టం గాలికి బదులు నీళ్ళు తాగింది. బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. నీకు ఫోన్ చేస్తే ఎత్తవు. ఇంతలో గుండె ఆపరేషనై నెల తిరగని మనిషి దిగి కారు తొయ్యడం మొదలుపెట్టాడు! "ఎక్కి కూర్చో నాన్నా" అని అరిస్తే, "వాడి మీద మాత్రం ఇలా అరవకే" అన్నాడు. చివరికి దారినపోయేవాళ్ళు తోసి ఇంటిదాకా చేర్చారు. నీ సరదా తగలెయ్య! చేసేముందు ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?

నాన్న బాగానే ఉన్నాడు. లేపకు. లేచాక టిఫిన్ పెట్టి మాత్రలివ్వు.

అక్క

బండి ఆగకముందు నాన్న, "ఇంజన్ చప్పుడు భలే ఉందే, వాడే బిగించాడా?" అని మురిసిపోయాడు. నీకు చెప్పమన్నాడు, చెప్పాను. నా కోపం మాత్రం తగ్గలేదు.