రెండో బ్యాటరీ వద్దన్నాను

ఏమండీ,

అన్నం హాట్‌బాక్సులో ఉంది, చేపల పులుసు పొయ్యి పక్కన సట్టిలో ఉంది. మా అమ్మకి జ్వరమంట, నాయుడుపేటకి పోతున్నా. రేపు సాయంత్రానికి వచ్చేస్తా.

బ్యాటరీ షాపు దరియావలి అన్న ఫోన్ చేసినాడు. మన జీపుకి రెండో బ్యాటరీ ఈరోజే బిగించమంటారా అని అడిగినాడు. అక్కర్లేదని చెప్పేసినా. అరవొద్దు, ముందు చదవండి.

వానాకాలమంతా మైపాడు ఒడ్డున జీపు ముందర బ్యాటరీ మీద తాడు చుట్టే వించ్‌తో పడవల్ని లాగినారు. ఉన్న ఒక్క బ్యాటరీ ఏరోజూ మొరాయించలేదు. ఇంజన్ ఆన్‌లో ఉంచి లాగినారు కాబట్టి చార్జింగ్ ఎక్కుతానే ఉండింది. మొన్న బుచ్చిరెడ్డిపాలెం టీచరమ్మ కారు ఇసకలో దిగబడితే మాత్రం ఇంజన్ ఆపి లాగినారు. బ్యాటరీ పడిపోక ఏం చేస్తుంది? “ఈ మోతలో మేడం మాటలు వినపడటంలేదు జబీనా, ఆపు” అని నా చేతనే తాళం తిప్పించినారు. పెళ్లయినప్పట్నుంచీ నా మాట వినడానికి మీరు టీవీ సౌండ్ కూడా తగ్గించింది లేదు. ఆమె కారు నవ్వుకుంటా వెళ్లిపోయింది. మన జీపుని వెనక నుంచి తోసింది నేను.

ఇంజన్ ఆన్‌లో ఉంచి లాగండి, ఒక్క బ్యాటరీ చాలు. మాటలు వినపడకపోతే పోనీండి.

జబీనా

మర్చిపోయినా. మీ టీచరమ్మ ఫోన్ చేసింది. ఈ సాయంత్రం మళ్లీ బీచికి వస్తుందంట, కారు దిగబడితే మీరే రావాలంట. వించ్ రిమోటు కోసం ఇల్లంతా వెతకొద్దు. అది నా హ్యాండ్‌బ్యాగులో నాయుడుపేటకి వస్తా ఉంది.