ఎనిమిదో వాక్యం

పన్నెండో తేదీ, ఆదివారం మధ్యాహ్నం

అక్కకు,

చెల్లెలు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. మేమంతా ఇక్కడ క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగాను. బావ పోయి నాలుగు నెలలైంది. నువ్వు క్షేమంగా లేవని తెలిసి కూడా తలవడం ఏమిటి? ఇలాంటి మాటలు వింటేనే కదా నీకు ఒళ్లు మండేది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ఏమీ అనుకోకండి అని మొదలుపెడితే, అనుకునే మాటే చెప్పబోతున్నారన్నమాట, కానివ్వండి అని టేపు మెడలో వేసుకుని నిలబడేదానివి.

ముందు ఇంటి సంగతులు చెబుతాను. మీ మరిదికి ఇంకా పని దొరకలేదు. దేనికైనా పర్లేదులే అంటున్నాడు. కుళాయి కారుతోందంటే పర్లేదులే, అన్నం మాడిందంటే పర్లేదులే. నిన్న కాలికి మేకు గుచ్చుకున్నా అదే మాట. పాప ఊతపదం బేసిగ్గా, బేసిక్‌గా అని దాని ఇంగ్లీషు. బేసిగ్గా ఆకలేస్తోందట, బేసిగ్గా నిద్రొస్తోందట. బేసిగ్గా కాకుండా ఇంకెలా వేస్తుందే ఆకలి అని కసిరితే, నీకంటే నయమేలే అంది. అదీ నిజమే. మొన్న పాలు పొంగిపోతున్నాయని అది అరుస్తుంటే నేను గదిలోంచి దయచేసి లైనులో ఉండండి అన్నానట.

నా ఉద్యోగం సంగతి నీకు తెలుసు గానీ ఆ గది నువ్వు చూడలేదు. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు పాడైనవాళ్లు ఫోన్ చేస్తే జవాబు చెప్పేది మేం నలుగురం. గదికి కిటికీ లేదు. మనిషికీ మనిషికీ మధ్య ఒక అట్టగోడ, దానిమీద ఒక కార్డు, కార్డు మీద పద్నాలుగు వాక్యాలు. మేం మాట్లాడాల్సింది అవే. తెలియదు అనకూడదు. లేదు అనకూడదు, ప్రస్తుతానికి అవకాశం లేదు అనాలి. ఒక్కో కాల్‌లో మూడుసార్లు మీ బాధ నేను అర్థం చేసుకోగలను అనాలి. ఒక పెద్దాయన విని విని విసిగిపోయాడు. చేసుకోగలవని తెలుసమ్మా, ఇంతకీ అర్థమైందా లేదా అని అడిగాడు. కార్డులో దానికి జవాబు లేదు. అర్థమైందండీ, మీ మెషీన్ పాతది, దాని సామాను రావడం ఆగిపోయింది, ఇక బాగవదు అని ఉన్నమాట చెప్పేశాను. హమ్మయ్య, ఇన్నాళ్లకు ఒక మనిషి దొరికింది అని ఫోన్ పెట్టేశాడు. నాకు ఎర్రగీత పడింది.

ఆ గీతలు వేసేది మా సూపర్‌వైజరు. వెనక తిరుగుతూ ఎవరి కాల్ కావాలంటే వాళ్లది వింటుంది. మేం చాటుగా చెవులమ్మ అంటాం. కార్డు దాటితే ఎర్రగీత, సొంత ఫోన్లు మాట్లాడితే ఎర్రగీత. మూడు పడితే ఇంటికే. బావ పోయిన రోజుకే నాకు రెండు పడ్డాయి. మీ మరిది చూస్తే ఇంట్లో, పాప చూస్తే బళ్లో. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా బతుకు. అక్కడ నా మాట మాట్లాడే వీల్లేదు, ఇంటికొస్తే నా మాట నాకు రావడం లేదు. బస్సులో కాలు తొక్కినవాణ్ణి తిడదామనుకున్నా దయచేసి అనే వస్తోంది.

ఇక ఆ రోజు సంగతి. డ్యూటీలో మా ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. నువ్వు ఎన్నిసార్లు చేసినా నాకు తెలియలేదు. చివరికి నీ ఫ్రిజ్ తలుపు మీద అంటించిన మా ఆఫీసు నంబరుకు చేశావు. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అనే రికార్డు ఇరవై నిమిషాలు విన్నావు. మా చెల్లెలికి ఇవ్వమ్మా అని పక్క సీటు అమ్మాయిని బతిమాలావు. నేను ఎత్తగానే, చెల్లీ, మీ బావ పోయాడే అన్నావు. నేను ఎనిమిదో వాక్యం చెప్పాను. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అన్నాను. దాని వెనకే తొమ్మిదోది, మీకు ఇంకేమైనా సహాయం కావాలా అని. నువ్వు ఫోన్ పెట్టేశావు.

అక్కా, అది అలవాటు. రోజుకు ఎనభై సార్లు అనే మాట, నీ గొంతు సరిగా తెలిసేలోపే నోరు జారింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా. సాయంత్రం నేను వచ్చేసరికి నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. గుమ్మంలోనే నిలబడిపోయాను. ఏ మాట అందామన్నా కార్డులో మాటలాగే తోచింది. నాకు సైకిల్ నేర్పింది బావ. సీటు పట్టుకుని మూడు వీధులు పరిగెత్తి, వదిలేశాక కూడా పట్టుకున్నానే అని వెనకనుంచి అబద్ధం అరిచేవాడు. ఆ సంగతి చెప్పినా సరిపోయేది. చెప్పలేదు. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది.

అప్పటినుంచి నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. వచ్చే ఆదివారం నాకు సెలవు. రమ్మంటే వస్తాను. నువ్వు మాట్లాడకపోయినా నీ పక్కన కూర్చుని గుండీలు కుట్టి వచ్చేస్తాను. వద్దంటే మళ్లీ అడగను.

నీ ముందు తల ఎత్తలేని
నీ చెల్లెలు

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. నోరు జారిందని పైన రాసింది అబద్ధం. చెల్లీ అన్నప్పుడే నీ గొంతు గుర్తుపట్టాను. బావ పోయాడన్న మాట కూడా స్పష్టంగా విన్నాను. చెవులమ్మ నా కుర్చీ వెనకే నిలబడి ఆ కాల్ వింటోంది. నేను అక్కా అంటే మూడో గీత. కార్డంతా వెతికాను, చావు కబురుకు వాక్యం లేదు. ఉన్నవాటిలో దగ్గరది చూసి చదివాను. నువ్వు పెట్టేయగానే ఇంకొకరి ఫ్రిజ్ సంగతి మాట్లాడాను. నోరు జారిందంటే నువ్వు క్షమిస్తావని నాకు తెలుసు. అందుకే అలా రాశాను. ఆ కాల్‌కు నాకు పదికి పది మార్కులు వేశారు. ఇది చదివాక కూడా రమ్మంటేనే వస్తానక్కా.