మోకాలెత్తులో ఆగిన గోడ

అక్కా,

బాగున్నావా అని అడిగి, నీ జవాబు వచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేదు. కొత్తింటికి గోడలు లేస్తున్నాయి. నేనూ మీ మరిదీ రోజుకు రెండుసార్లు వెళ్లి చూస్తుంటే మేస్త్రి దణ్ణం పెట్టేశాడు. "అమ్మా, మీరొస్తే పని ఆగిపోతోంది. ఇక మూడంటే మూడుసార్లే రండి, అదీ ముందు చెప్పి రండి" అన్నాడు.

మొదటిసారి నువ్విచ్చిన కుట్టు టేపుతో గదులన్నీ కొలిచాం. పదడుగుల గది పదకొండు దాటింది. మీ మరిది ఉబ్బితబ్బిబ్బైపోయి మేస్త్రి చెయ్యి పట్టుకుని వదల్లేదు. అతను టేపు తిరగేసి చూసి, "దీనికి మొదటి అరడుగు లేదు సార్" అన్నాడు. ఎప్పుడు కత్తిరించావు తల్లీ అది?

రెండోసారి వీధివైపు గదిలో నిలబడి, "ఈ కిటికీ ఎంత ఎత్తులో పెట్టమంటారు?" అని అడిగాడు. మిషను ముందు కూర్చుని కుట్టే మా అక్కనే అడగాలన్నాను. "ఆవిడ మీతోనే ఉంటారా?" అన్నాడు. ఉంటుందని చెప్పేశాను. నువ్వు రానన్న సంగతి మీ మరిదికి కూడా ఇంతవరకు చెప్పలేదు.

మూడోసారి నీకోసం దాచాను. గురువారం పదింటికి నీ మిషను పీట పట్టుకుని రా. ఆ గోడ ఒక్కటీ మోకాలెత్తులో ఆపించాను. నువ్వు కూర్చుంటే వీధి కనపడే ఎత్తు చూసి గీత గీస్తాడట. రాకపోయావో, ఊళ్లో కుక్కలన్నీ ఆ గోడ దూకి నీ గదిలో పడుకుంటాయి, ఆ పాపం నీదే.

టేపు మాత్రం కొత్తది నేను తెస్తాను.

నీ చెల్లి