కేబుల్ కింద పెట్టు

ఇళవరసా,

ముందు చేతిలోని కేబుల్ కింద పెట్టు. తర్వాత చదువు.

చిప్‌లో ప్రోగ్రాం ఎక్కించే నా ప్రోగ్రామర్ పెట్టె ఇక్కడ గోరిమేడులో బల్లమీదే ఉంది. అంటే నువ్వు చిప్‌ను ఊడదీయకుండా, మోటారు బోర్డులో ఉండగానే కొత్త ప్రోగ్రాం ఎక్కించబోతున్నావు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. అక్కడ నీ పక్కనే పని చేస్తున్న ఇరుసప్పన్ అన్న ఫోన్ ఆయన భార్య మలర్ దగ్గరే ఉంది. వీరాంపట్టినం నుంచి ఇంటికొచ్చి, ఆయనకు సద్ది తీసుకుని మళ్లీ మీ దగ్గరికే వస్తున్న ఆమె చేతికే ఇది ఇస్తున్నాను. నా కాలికి కట్టు లేకపోతే నేనే వచ్చేదాన్ని.

మాటల మధ్యలో ఆమె అంది: "మా ఆయన డ్రమ్ములో చిక్కిన తాడు తీస్తా ఉండాడక్కా. కరెంటు యాడ ఆపేది? చిప్పుకు కావల్లని మీ తమ్ముడే వద్దన్నాడు."

బోర్డులోనే ఎక్కించేటప్పుడు పాత ప్రోగ్రాం చెరిగిపోతుంది, కొత్తది ఇంకా రాదు. ఆ కాసేపు మోటారును అదుపులో పెట్టేది ఏదీ ఉండదు. మోటారుకు కరెంటు వదిలే రిలే దానంతటదే ఆన్ అయిందంటే, పడవను లాగే ఆ డ్రమ్ము తిరుగుతుంది. మన బల్లమీదైతే ఒక చిన్న లైటు మిణుకుమనేది, అంతే. అక్కడ అన్న చేతులున్నాయి.

మెయిన్ ఆపు. చిప్ ఊడదీసి పంపు, ప్రోగ్రామర్‌లో పెట్టి నేను ఎక్కించి ఇస్తాను. ఆలస్యమైందని పడవ ఓనరు తిడితే నన్ను తిట్టమను.

మలర్‌కు తెలుగు మాటలే గానీ అక్షరాలు రావు. విషయం తెలిస్తే స్కూటర్ ఎలా నడుపుతుందోనని చెప్పలేదు. ఇది చదువుతున్నంతసేపూ ఆమె నీ ముఖమే చూస్తూ ఉంటుంది. అన్న చేతులు బయటికి వచ్చేదాకా ముఖం మారనీయకు.

అక్క